రెండు వేళ్ళు

ఫిబ్రవరి 3

ఏమీ కాలేదు. పాప బాగానే ఉంది. సాయంత్రం నాలుగింటికి ఏనుగు బొమ్మను చంకలో పెట్టుకుని, తన కాళ్ళ మీద తనే నడిచి ఇంటికి వెళ్ళింది.

ఏమీ కాలేదు కాబట్టి రాయడానికీ ఏమీ లేదు.

ఫిబ్రవరి 4

ఈ డైరీ నాలుగేళ్ళ కిందటిది. మా ఆయనకి లిఫ్టు కంపెనీ వాళ్ళు ఇచ్చారు. తేదీల పక్కన వారాలన్నీ తప్పు. ఇన్నాళ్ళూ అత్తయ్య మందుల డబ్బా కింద ఎత్తు కోసం ఉంది. నిన్న నేను లాగేసరికి డబ్బా ఒరిగి మాత్రలన్నీ మంచం కిందికి దొర్లాయి. "కొంపలంటుకున్నాయా, అడిగితే ఇవ్వనా?" అని అత్తయ్య ఇవాళ కూడా సణుగుతూనే ఉంది.

నిన్నటిది ఒక్కసారి వరసగా రాసేస్తే బుర్రలోంచి పోతుందని. కొత్తగా పనిలో చేరినవాళ్ళకి చెప్పినట్టు రాస్తాను. అలా రాస్తే ఎక్కడ తప్పిందో తెలుస్తుంది.

పాపకి ఆరేళ్ళు. పిల్లల పేర్లు ఇంటికి మోసుకురాకూడదు కాబట్టి వాగుడుకాయ అంటాను. తూకం మిషన్ ఎక్కి దిగేలోపే వాళ్ళింట్లో ఎవరెవరు గురక పెడతారో చెప్పేసింది. కుడి వైపు నాలుగు పళ్ళకి పని. ఎడమ వైపు వాపుంది, అది తగ్గాక ఇంకోసారి. మత్తు మాస్కుకి ఏ వాసన రాయమంటావని అడిగితే "ఏనుగుకి ఏది ఇష్టమో అది" అంది. నారింజ రాశాను.

మాస్టారు మత్తిచ్చి, ముక్కులోంచి గాలి గొట్టం వేశారు. ఆయన మత్తు డాక్టరు, కానీ మా అందరికీ పని నేర్పింది ఆయనే కాబట్టి మాస్టారు. తరువాత పళ్ళ డాక్టరు మేడమ్ గొంతులో ప్యాక్ పెట్టారు. పంటి ముక్కలూ నీళ్ళూ నెత్తురూ లోపలికి జారకుండా కుక్కే తడి గుడ్డ, అంతే. డ్రిల్లు మోతలో మాటలు వినబడవు. అందుకే మా గదిలో అన్నీ చేతి సైగలే. ఒక వేలంటే ప్యాక్ లోపల ఉంది. మధ్యలో తడిసి బరువెక్కితే తీసి కొత్తది పెడతారు, అప్పుడు రెండు వేళ్ళు. చివరికి తీసేశాక పిడికిలి. వేలు చూసి నేను బోర్డు మీద ఎర్రగా "ప్యాక్ లోపల" అని రాయాలి. పిడికిలి చూసి, గిన్నెలో గుడ్డను నా కళ్ళతో చూసి, అప్పుడు తుడవాలి. బోర్డు ఖాళీ అయితేనే మాస్టారు గొట్టం తీస్తారు.

నిన్న గిన్నెలో గుడ్డ కనబడింది. తుడిచాను. మేడమ్ మధ్యలో మార్చారట. రెండోది లోపలే ఉంది. మార్చిన సంగతి నాకు తెలియదు.

మాస్టారు బోర్డు చూశారు, గొట్టం తీశారు. పాపను పక్కగదిలోకి తెచ్చి ఒక పక్కకి తిప్పి పడుకోబెట్టాం. ఒకసారి దగ్గింది. తరువాత దగ్గు కూడా లేదు. ఛాతీ ఎగరేస్తోంది కానీ గాలి పోవడం లేదు. వేలికి పెట్టిన ఆక్సిజన్ మీటరు తొంభై ఎనిమిది నుంచి తొంభై, ఎనభై ఒకటి. పెదాలు నీలం. నేను తల పట్టుకున్నాను. మాస్టారు లైటు వేసి వంకర ఫోర్సెప్స్‌తో లోపలినుంచి లాగారు. గుడ్డ వస్తూనే ఉంది. లాగుతుంటే పాప కళ్ళు తెరిచి ఉన్నాయి. నన్నే చూస్తోంది.

నలభై సెకన్లు. రంగు వచ్చింది. ఏడ్చింది. పదేళ్ళుగా పిల్లల ఏడుపు వింటున్నాను, ఒక ఏడుపు కోసం కాచుకోవడం ఇదే మొదలు.

మేడమ్ బయటికెళ్ళి వాళ్ళమ్మకి "కఫం అడ్డుపడింది, తీసేశాం" అని చెప్పారు. ఆవిడ దణ్ణం పెట్టింది.

ఏమీ కాలేదు.

ఫిబ్రవరి 5

మేడమ్ తన గదిలోకి మమ్మల్ని ఇద్దర్నీ పిలిచి తలుపు వేశారు.

"రెండు వేళ్ళు చూపించాను. మీ ఇద్దరి వైపూ చూపించాను. ఎవరూ చూళ్ళేదా?"

"చూళ్ళేదు మేడమ్" అన్నాను నేను.

మాస్టారు కళ్ళజోడు తీసి చొక్కా కొసతో తుడుచుకున్నారు. "బోర్డు ఖాళీగా ఉన్నా గొట్టం తీసేముందు గొంతులోకి లైటు వేసి చూడాల్సింది నేను. చూళ్ళేదమ్మా" అన్నారు. వేళ్ళ సంగతి ఎత్తలేదు.

మేడమ్ ఆ కళ్ళజోడు వంకే చాలాసేపు చూశారు.

ఫిబ్రవరి 6

అసలు రెండో ప్యాక్‌కి తోక వదలాల్సింది. కొస ఒకటి బయటికి వదిలి చెంపకి టేపు వేస్తే గుడ్డివాడికైనా తెలుస్తుంది. మేడమ్ వదల్లేదు.

ఫిబ్రవరి 7

తోక వదల్లేదు. అది నా తప్పెలా అవుతుంది?

ఫిబ్రవరి 10

ఇవాళ ఐదుగురు. మొదటి పిల్లాడు నల్లకళ్ళద్దాలు పెట్టుకుని హీరోలా వచ్చాడు. మత్తుకి ముందు కడుపు ఖాళీగా ఉండాలి. "పొద్దున్నేం పెట్టలేదుగా?" అని అడిగితే తల్లులందరూ ఒకటే మాట, లేదండీ అని. అందుకే నేను తల్లుల్ని అడిగాక పిల్లల్ని కూడా అడుగుతాను. తిన్నావా అని కాదు. "తిన్నవాటిల్లో ఏది బాగుంది?" అని. హీరో ఏ మాత్రం తడుముకోకుండా "క్రీము బిస్కట్టు. రెండోది ఇంకా బాగుంది" అన్నాడు. వాళ్ళమ్మ నన్ను కొరకొర చూసింది. రేపు రమ్మని పంపించేశాం.

ఈ పిల్లలకి నేను అబద్ధం చెప్పను. నొప్పే ఉండదని చెప్పను. మాస్కు వాసన కొంచెం వెగటుగా ఉంటుందని, లేచాక నోరు మొద్దుగా ఉంటుందని, ఏడుపొస్తే ఏడవచ్చని చెబుతాను. చేరిన కొత్తలో ఒక పిల్లకి "సూది లేదమ్మా" అన్నాను. మాస్టారు నన్ను పక్కకి పిలిచి "ఆ పిల్ల ఇంక ఏ డాక్టరునీ నమ్మదు. అది నీ పుణ్యమే" అన్నారు. అప్పటినుంచి ఒక్కటంటే ఒక్క అబద్ధం చెప్పలేదు. పదేళ్ళు.

పిల్లలకి.

ఫిబ్రవరి 13

మేడమ్ కాఫీ ఇచ్చి కూర్చోబెట్టారు. అంటే ఏదో ఉంది.

"ఒకటో తారీకు నుంచి కొత్త మత్తు డాక్టరు వస్తారు. చిన్నవాడు. మాస్టార్ని గౌరవంగానే పంపిద్దాం. పూలదండ, శాలువా, అన్నీ. కళ్ళు ఆనడం లేదు ఆయనకి, పాపం. ఆ రోజు నా చెయ్యి కనబడలేదంటే ఇంకేం చెప్పాలి?"

నేను కాఫీ తాగాను.

"ఇంకోటి. ఆ గదికి నువ్వే ఇన్‌ఛార్జ్‌వి. ఒకటో తారీకు నుంచే. ఏం ఎక్స్‌ప్రెస్, సంతోషమేనా?"

మేడమ్ నాకు పెట్టిన పేరది. ఒక పిల్ల బల్ల దిగాక రెండో పిల్ల బల్ల ఎక్కడానికి వేరేచోట అరగంట పడుతుంది. మా దగ్గర పదకొండు నిమిషాలు. పదకొండు నావల్లే.

గొంతులో వెలక్కాయ పడ్డట్టయింది. ఈ మాట ఊరికే రాసేశాను. చదువుకుంటే ఒళ్ళు జలదరించింది. ఇక జన్మలో వాడను.

ఫిబ్రవరి 14

ఇన్‌ఛార్జ్ సంగతి అత్తయ్యకి చెప్పాను.

"ఇన్‌ఛార్జ్ అంటే ఏం చేస్తావ్?"

"అన్నీ సరిగ్గా ఉన్నాయో లేదో చూసుకోవాలి."

"మరి ఇన్నాళ్ళూ ఎవరు చూశారు?" అని కట్టుడు పళ్ళు తీసి గ్లాసులో వేసుకుంది. పళ్ళు తీశాక ఆవిడతో వాదన పెట్టుకోకూడదు, ఒక్క ముక్క అర్థం కాదు.

ఫిబ్రవరి 15

మాస్టారికి అరవై తొమ్మిది. భార్య లేరు. ఈ పని కాక ఆయనకి ఇంకో పని తెలియదు. కళ్ళకి ఏమీ లేదు. కిందటి నెల పాలు తాగే పసిదాని చేతిలో వెంట్రుకంత నరం ఒక్క పోటుకి పట్టుకున్నారు.

ఆయన ఎందుకు నోరు విప్పరు?

ఫిబ్రవరి 16

మా ఆయన చిర్రుబుర్రులాడుతూ వచ్చారు. ఆయన లిఫ్టులు బాగుచేస్తారు. షాఫ్టులోకి దిగేముందు ఎవరి తాళం వాళ్ళు స్విచ్చికి వేసుకుని, తాళంచెవి జేబులో పెట్టుకుని దిగాలి. పైకొచ్చాకే తీయాలి. ఇవాళ ఎవరో మెకానిక్కు తన తాళంచెవి బయట ఉన్న వాచ్‌మన్ చేతికిచ్చి దిగాడట. బరువుంటుందని.

"బరువట! చెవి బరువట! వాచ్‌మన్ టీకి పోతూ ఇంకోడికి ఇచ్చాడు. వాడు షాఫ్టు ఖాళీగా ఉందేమో అని తాళం తీసేశాడు. నేను చూడకపోతే ఏమయ్యేది?"

"మీరెప్పుడైనా తాళం వేయకుండా దిగారా?" అని అడిగాను.

ఆయన జేబులోంచి తన తాళంచెవి తీసి బల్ల మీద పెట్టారు. "ఒకసారి."

"నాకు చెప్పలేదే."

"ఎవరికీ చెప్పలేదు. అందుకే పద్నాలుగేళ్ళయినా ఏ బిల్డింగో, ఏ అంతస్తో గుర్తుంది."

తరువాత నా మొహం చూసి "ఏమైందే?" అన్నారు. ఏమీ కాలేదన్నాను.

ఫిబ్రవరి 17

చూశాను.

రెండు వేళ్ళు చూశాను. చూపుడు వేలూ మధ్య వేలూ. గ్లోవు మీద, వేళ్ళ సందులో నెత్తుటి చుక్క ఉంది. అది కూడా గుర్తుంది. మేడమ్ చెయ్యెత్తారు, నేను తలూపాను.

అప్పటికే బోర్డు తుడిచేశాను. మొదటి గుడ్డ గిన్నెలో పడ్డ చప్పుడుకే నా చెయ్యి బోర్డు మీదికి పోయింది. చాలాకాలంగా అంతే. పిడికిలి దాకా ఎవరు ఆగుతారు? ముందే తుడిస్తే తరువాతి పిల్ల వివరాలు ముందే రాసుకోవచ్చు. రెండు నిమిషాలు కలిసొస్తాయి. పదకొండులో ఆ రెండూ అలా సంపాదించినవే.

రెండు వేళ్ళు చూశాక మళ్ళీ రాద్దామని పెన్ను మూత కూడా తీశాను. అంతలో తరువాతి పిల్లాడి తూకం రాయలేదని గుర్తొచ్చింది. వచ్చాక రాద్దాంలే అని బయటికెళ్ళాను. తిరిగొచ్చేసరికి బోర్డు ఖాళీగా ఉంది. ఖాళీగా ఉంది కాబట్టి ప్యాక్ తీసేశారనుకున్నాను. నేను తుడిచిన బోర్డును నేనే చూసి నేనే నమ్మాను. మేడమ్ కూడా ఆ ఖాళీ బోర్డే నమ్మి, రెండోది తీయకుండా, పిడికిలి చూపకుండా లేచి ఉంటారు.

ఎవరూ చదవని డైరీలో పద్నాలుగు రోజులు అబద్ధం రాశాను. ఎవరి కోసం?

రేపు చెప్పేస్తాను.

ఫిబ్రవరి 18

చెప్పేశాను. మొదటి పిల్ల రాకముందే మేడమ్ గదిలోకి వెళ్ళి, నిలబడే చెప్పాను. కూర్చుంటే కాఫీ ఇస్తారు.

మేడమ్ అంతా విన్నారు. "ఇప్పుడెందుకు చెబుతున్నావ్?"

"మాస్టార్ని పంపించేస్తున్నారు కాబట్టి."

"ఆయన ఇవాళ కాకపోతే ఆర్నెల్లకి వెళ్తారు. నువ్వు ఇంకా ఇరవై ఏళ్ళు పనిచెయ్యాలి. చెప్పావు, విన్నాను, అయిపోయింది. దీన్ని కాగితం మీద పెడితే నీ బోర్డుతో పాటు నా తోక కూడా పెట్టాలి. తెలుస్తోందా?"

తెలుస్తోంది.

భుజం తట్టారు. "పాప బాగుంది కదా. ఇంక తవ్వకు."

బయటికొచ్చాను. చెప్పాల్సినవాళ్ళకి చెప్పాను. నా బరువు దిగింది. ఇక నిర్ణయం మేడమ్‌ది.

ఫిబ్రవరి 19

దిగలేదు.

ఫిబ్రవరి 20

సాయంత్రం మాస్టారి ఇంటికెళ్ళాను. మూడో అంతస్తు, మెట్లే. బాల్కనీలో మొక్కలకి నీళ్ళు పోస్తున్నారు. పోయడం అంటే పోయడం కాదు. ఇరవై మిల్లీలీటర్ల సిరంజితో, ఒక్కో కుండీకి లెక్క ప్రకారం ఎక్కిస్తున్నారు.

"చెంబుతో పోయొచ్చుగా మాస్టారూ."

"ఇదిగో, దీనికి ఎక్కువైతే నిద్రపోతుంది" అని తులసో మరేదో చూపించారు. నవ్వలేకపోయాను.

"మాస్టారూ, ఆ రోజు మేడమ్ చెయ్యి నేను చూశాను. రెండు వేళ్ళు."

"తెలుసు."

"ఎలా?"

"నువ్వు తలూపడం నేను చూశాను."

ఆయన సిరంజి నింపుకున్నారు, ఇంకో కుండీ దగ్గరికి జరిగారు.

"మరి ఆ రోజు మేడమ్ ముందు ఎందుకు చెప్పలేదు?"

"నువ్వు తలూపిన సంగతి నేనెందుకు చెప్తాను తల్లీ? తల నీది." సిరంజి పక్కన పెట్టారు. "నా సంగతి విను. ముప్పై ఏళ్ళు ప్రతి పిల్ల గొంతులోకీ లైటు వేసి చూశాకే గొట్టం తీశాను. బోర్డు ఏం చెప్పినా సరే. నువ్వొచ్చాక మెల్లగా మానేశాను. తుడిచింది ఈ అమ్మాయి అయితే చాలు అనుకున్నాను. ఆ రోజు కూడా అంతే. అది నా తప్పు. దాన్ని నువ్వు నెత్తిన పెట్టుకోకు. నీది నువ్వు చూసుకో."

మెట్లు దిగి వచ్చేశాను. ఆయన తిట్టి ఉంటే హాయిగా ఉండేది.

ఆయన కళ్ళు పోయాయని శాలువా కప్పి పంపిస్తున్నారు. నేను మేడమ్‌కి చెవిలో చెప్పి ఊరుకున్నాను. చెవిలో చెప్పడం చెప్పడం కాదు. కాగితం మీద పెడతాను. ఎలాగో ఇంకా తెలియదు. పెడతాను.

ఫిబ్రవరి 21

వాగుడుకాయ ఇవాళ చూపించుకోవడానికి వచ్చింది.

కుర్చీలో కూర్చుంది, ఏనుగును ఒళ్ళో పెట్టుకుంది, ఒక్క మాట మాట్లాడలేదు. నేను "ఇంట్లో గురకలెలా ఉన్నాయి?" అన్నా పలకలేదు. మేడమ్ కుడి వైపు చూసి అంతా బాగుందన్నారు.

వాళ్ళమ్మ గొంతు తగ్గించి చెప్పింది. "పళ్ళు బాగానే ఉన్నాయండీ. తిండే తినడం లేదు. మెత్తగా పిసికి పెడితేనే మింగుతోంది. ఊరికే నోట్లో వేలు పెట్టుకుని గొంతులో వెతుక్కుంటుంది. ఎవరో తన గొంతులోంచి గుడ్డ లాగారంటుంది. అది కలే తల్లీ అంటే వినదు. వాళ్ళ నాన్న కూడా ఎంతో చెప్పారు."

మేడమ్ గ్లోవులు తీస్తూ "మత్తులో అలాంటి కలలు మామూలే. పోతాయి" అన్నారు.

వాగుడుకాయ మేడమ్‌ని చూడలేదు. వాళ్ళమ్మనీ చూడలేదు. ఆ రోజు ఎలా చూసిందో అలా నన్ను చూసింది.

"ఆంటీ, అది కలా?"

మేడమ్ గ్లోవు తీయడం ఆపేశారు. నాకు చాలా ఆలోచనలు వచ్చి ఉండాలి. నిజానికి ఒక్కటే వచ్చింది. ఈ పిల్ల తన గొంతులో వెతుక్కుంటోంది గుడ్డ కోసం కాదు, తను చెప్పింది నిజమో కాదో తేల్చుకోవడానికి.

కింద కూర్చున్నాను, తన కళ్ళకి నా కళ్ళు ఎదురుగా ఉండేలా.

"కల కాదు. నిజంగానే నీ గొంతులో గుడ్డ ఉంది. పళ్ళ ముక్కలు లోపలికి పోకుండా మేమే పెట్టాం. నువ్వు లేవకముందే తీసెయ్యాలి. లోపల ఇంకా ఉందని నేను బోర్డు మీద రాయాలి. రాయలేదు. అందుకని అది ఉండిపోయింది, నీకు ఊపిరి ఆడలేదు. డాక్టరు తాతగారు లాగి తీశారు. నేను నీ తల పట్టుకున్నాను. ఇప్పుడు లేదు."

పాప ఏనుగుతో సహా వాళ్ళమ్మ వైపు తిరిగింది.

"చెప్పానా!" అంది వాగుడుకాయ వాళ్ళమ్మతో. "చెప్పానా అమ్మా, చెప్పానా!" తరువాత నన్ను అడిగింది. "ఎంత పొడుగు?"

రెండు చేతులూ చాచి చూపించాను. పాప అదే పొడుగు తన చేతులతో చాచి ఏనుగుకి చూపించింది.

వాళ్ళమ్మ మొహం తెల్లగా పాలిపోయింది. "అబద్ధాలాడుతున్నావని దాన్ని కొట్టానండీ" అంది. "మొన్న కొట్టాను." ఆ మాటే రెండుసార్లు అంది. తరువాత నన్ను తిట్టింది. ఇక్కడ రాయను, కానీ ఒక్క మాట కూడా ఎక్కువ కాదు. పాపను ఎత్తుకుని వెళ్ళిపోయింది. ఏనుగు కింద పడితే నేను తీసి ఇచ్చాను. చేతిలోంచి లాక్కుంది.

మేడమ్ నాతో మాట్లాడలేదు. అది నయమే. నేను కంప్యూటరు ముందు కూర్చుని కాగితం రాశాను. బోర్డు ముందే తుడిచింది, రెండు వేళ్ళు చూసి రాయనిది, అడిగితే చూడలేదని అబద్ధం చెప్పింది నేను. ప్యాక్‌కి తోక వదల్లేదు. గొంతులోకి లైటు వేసి చూడలేదు. మత్తు డాక్టరు చూపుకి దీంతో సంబంధం లేదు. కింద నా సంతకం పెట్టి మేడమ్ బల్ల మీద ఒకటి, పాపవాళ్ళకి పంపడానికి ఒకటి, నా సంచిలో ఒకటి.

ఇంటికొచ్చి అత్తయ్యకి, ఆయనకి మొదటినుంచి చెప్పాను. అత్తయ్య పళ్ళు పెట్టుకుని మరీ వింది. ఆయన "ఉద్యోగం పోతుందా?" అన్నారు. పోవచ్చన్నాను. "సరే, ముందు తిను" అన్నారు. పద్దెనిమిది రోజుల తరువాత ఆకలేసింది.

ఫిబ్రవరి 22

ఇవాళ సెలవు. రేపూ సెలవు. నేను పెట్టలేదు, వాళ్ళే ఇచ్చారు.

ఫిబ్రవరి 25

పాప తండ్రి క్లినిక్కుకి వచ్చి నన్ను పిలిపించమన్నాడట. వెళ్ళాను. దాక్కునే పని పెట్టుకోదలుచుకోలేదు. అరగంట అరిచాడు. చివర్న గొంతు పోయి మంచినీళ్ళు అడిగాడు. ఇచ్చాను, తాగాడు, మళ్ళీ అరిచాడు. నేను కాదన్నది ఏమీ లేదు.

అత్తయ్య నన్ను ఇంట్లో ఊరికే ఉండనివ్వడం లేదు. మాత్రల డబ్బా అరలు సర్దించింది, మూడుసార్లు.

మార్చి 2

బయటినుంచి పెద్ద డాక్టరు ఒకాయన వచ్చి ముగ్గుర్నీ విడివిడిగా కూర్చోబెట్టి అడిగారు. మాస్టారు లైటు సంగతి చెప్పారు. మేడమ్ తోక సంగతి చెప్పారు. చెప్పరనుకున్నాను, చెప్పారు. ఆ పూట నుంచి మేడమ్ మీద నాకున్న కోపం సగం పోయింది.

ఆయన ఒక మాట అన్నారట. ఒకర్ని పంపించాల్సివస్తే ముగ్గుర్నీ పంపించాలి, లేదా ముగ్గుర్నీ ఉంచి పద్ధతి మార్చాలి.

మార్చి 5

ఉద్యోగం ఉంది. ఇన్‌ఛార్జ్ లేదు. ఆరు నెలలు బోర్డు నాది కాదు. పిడికిలి చూసి ఇద్దరు పైకి చెప్పాక మూడో మనిషి తుడుస్తారు. ఆ ఇద్దరిలో నేనున్నాను, మూడో మనిషిని కాదు. ప్యాక్ లోపలున్నంతసేపూ గాలి గొట్టానికి ఎర్ర పట్టీ కట్టి ఉండాలి. అది మా ఆయన తాళం చూసి నేను చెప్పిన ఉపాయం. పట్టీ కత్తిరించే కత్తెర మాస్టారి జేబులో ఉంటుంది, ఇంకెవరికీ ఇవ్వకూడదు.

మాస్టారు ఉంటారు. శాలువా కొనేశారట, వెనక్కి తీసుకోరట. మేడమ్ దాన్ని పక్కగదిలో వణికే పిల్లలకి కప్పడానికి ఇచ్చేశారు.

ఇప్పుడు పిల్లకీ పిల్లకీ మధ్య ఇరవై నాలుగు నిమిషాలు. ఎక్స్‌ప్రెస్ అని ఎవరూ పిలవడం లేదు.

మార్చి 12

వాగుడుకాయ ఎడమ వైపు పళ్ళకి వచ్చింది. వాళ్ళు మమ్మల్ని నమ్మి రాలేదు. పాప నొప్పి తట్టుకోలేకపోతోంది, మిగతాచోట్ల రెండు నెలల దాకా ఖాళీ లేదు. వాళ్ళమ్మ ఆ మాట కౌంటరు దగ్గర అందరికీ వినబడేలా చెప్పింది. నాతో మాట్లాడలేదు. పాప తూకం నేను రాస్తుంటే పక్కన నిలబడి అంకె సరిచూసుకుంది.

తిన్నవాటిల్లో ఏది బాగుందని అడిగాను. "ఏమీ తినలేదు, నన్ను పట్టుకోలేవు" అంది. ఎనిమిది వందల గ్రాములు తగ్గింది. ఆ అంకె నా చేత్తోనే రాశాను.

వాడని కొత్త గుడ్డ ఒకటి తెచ్చి తన చేతిలో పెట్టాను. తడిపి చూపించాను. తోక చూపించాను. ఒక వేలంటే ఏమిటో, పిడికిలంటే ఏమిటో చెప్పాను. గుడ్డను ఏనుగు నోటికి పెట్టి చూసింది, పట్టలేదు.

"తీసేశాక నాకు పిడికిలి చూపించాలి."

"నువ్వు నిద్రలో ఉంటావు."

"లేచాక."

"లేచాక చూపిస్తాను."

"మర్చిపోతే?"

మర్చిపోనని నోటిదాకా వచ్చింది. "మర్చిపోతే నువ్వు అడుగు" అన్నాను.

నారింజ వాసన. పది దాకా లెక్కపెట్టమంటే ఏడు దగ్గర ఆగిపోయింది. ఒక వేలు. బోర్డు మీద ఎర్ర అక్షరాలు, గొట్టానికి ఎర్ర పట్టీ, చెంప మీద తోక. ఒకసారి మార్చారు. రెండు వేళ్ళు. చూశానని నోటితో చెప్పాను, డ్రిల్లు ఆపించి మరీ చెప్పాను. చివర్న పిడికిలి. గిన్నెలో రెండు గుడ్డలు, నేను లెక్కపెట్టాను, మాస్టారు లెక్కపెట్టారు. ఆయన లైటు వేసి గొంతులోకి చూశారు, మేడమ్ చూశారు. అప్పుడు జేబులోంచి కత్తెర తీశారు.

పక్కగదిలో శాలువా కప్పి తన దగ్గరే కూర్చున్నాను. మీటరు తొంభై తొమ్మిది. గుమ్మంలో వాళ్ళమ్మ. ఇరవై నిమిషాలకి కళ్ళు సగం తెరిచింది. నోరు మొద్దుబారి మాట రావడం లేదు. శాలువా కిందనుంచి చెయ్యి మెల్లగా బయటికొచ్చింది. ఒక వేలు ఎత్తి నా వంక చూసింది.

అడుగుతోంది.

అప్పటికే ఇద్దరు చూశారు. అయినా టార్చి తీసి, నోరు తెరవమని సైగ చేసి, నేనూ చూశాను. గొంతులో ఏమీ లేదు. పిడికిలి బిగించి చూపించాను.

తను వెంటనే ఒప్పుకోలేదు. నా పిడికిలిని కాసేపు చూసి, తన వేలు తన నోట్లో పెట్టుకుని, లోపల అటూ ఇటూ వెతికింది. వద్దనలేదు. వెతకాలి. వెతికి, వేలు తీసి, శాలువాకి తుడుచుకుని, అప్పుడు తనూ పిడికిలి బిగించింది.

ఆ పిడికిలితోనే ఏనుగును నా వైపు తోసింది. టార్చి వేసి, తొండం పైకెత్తి, దాని నోరు కూడా చూశాను.